నడికట్టు మీద నా చేతిరాత

మా బంధువుల్లో ఒక సామెత తిరుగుతూ ఉంటుంది. ఎవరైనా చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నా, దుప్పటి తిరగేసి పరిచినా, ఐజకు పోవాల్సినవాడు రాయచూరు బస్సెక్కినా “కోడేరామె కట్టినట్టుంది” అంటారు. అందరూ నవ్వుతారు. వడ్డేపల్లి దగ్గర మా అత్తగారి ఊళ్ళో పుట్టిన మాట అది. పుట్టి రెండేళ్ళయినా కాలేదు, అప్పుడే గద్వాల దాకా నడిచి వచ్చింది. దాన్ని వాడేవాళ్ళలో చాలామందికి ఆ కోడేరామె ఎవరో తెలియదు.

నాకు తెలుసు. ఆమె మా ఇంట్లో ఉండి మా మామను చూసుకున్న మనిషి. ఆమె దేన్నీ తప్పుగా కట్టలేదు. తప్పుగా కట్టింది నేను. ఆ సంగతి తెలిశాక కూడా ఐదు నెలలు నోరు మూసుకుని కూర్చున్నదీ నేనే. సామెతను వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు. కనీసం అది ఎట్లా పుట్టిందో ఒకచోట సరిగ్గా ఉండాలని ఇది రాస్తున్నాను.

మామ అంటే నా భార్య తండ్రి. మాది రెండు కులాల పెళ్ళి. మా ఇంట్లో మగ్గం, వాళ్ళింట్లో అరక. పెళ్ళయ్యాక ఆరేళ్ళు ఆయన మా గడప తొక్కలేదు. ఏడో ఏడు ఒకరోజు పొద్దున్నే భుజాన పల్లికాయ మూటతో దిగాడు. ఆరేళ్ళ మాట ఎత్తలేదు. చెప్పులు విడిచి, మూట దించి, కూతురితో “నీళ్ళియ్యి బిడ్డా, గొంతెండుకపోతుంది” అన్నాడు. అంతే. ఆ తర్వాత అత్త పోయాక మాతోనే ఉండిపోయాడు.

నేను చీరలకు డిజైన్లు గీస్తాను. గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడీ నింపుతూ పోతే అంచు తయారవుతుంది. ఆ కాగితం చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కుతాయి. మామ నా పక్కన కుర్చీ వేసుకుని గంటలు గంటలు చూసేవాడు.

“ఇంత పెద్దమనిషివి, దినమంత గడీలు నింపుడేనా? మా ఊర్ల పోరగాండ్లు బండల మీద బొగ్గుతోని గిట్లనే పులిమేక గీస్తరు.”

“ఇది పులిమేక కాదు మామా. చీరకు రెండంచులు. ఈ దిక్కు హంస కుడికి చూస్తే ఆ దిక్కు హంస ఎడమకు చూడాలె. లేకపోతే కట్టుకున్నామెకు ఒక హంస ముంగటికి, ఒకటి ఎనక్కి పోతది.”

“పోనీ. హంసలకు పనేముంది” అనేవాడు.

ఎడమను కుడికి తిప్పి గీయడం నా బతుకుదెరువు. ఇది చదివేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదొక్కటే. నేనేదో తెలియనివాడినని ఎవరూ జాలిపడనక్కర్లేదు.

ఒక ఉదయం మామ చాయ్ తాగుతూ ఉండగా కప్పు చేతిలోంచి జారింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మూతి ఒక పక్కకు పోయింది, మాట పోయింది. వనపర్తిలో ఒక దవాఖానలో చేర్చాము. నా భార్య వనపర్తిలోనే బడిలో టీచరు, రోజూ గద్వాల నుంచి బస్సులో పోయివస్తుంది, అందుకని అక్కడే అనుకున్నాము. ప్రాణానికి భయం లేదన్నారు. ఇంటికి పంపేటప్పుడు కసరత్తులు చేయించే డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. వెల్లకిలా ఎక్కువసేపు పడుకోబెట్టొద్దు, వీపు పుండ్లు పడుతుంది. ఎడమ పక్కకు ఒత్తిగిల్లి పడుకోవాలి. ఆయనంతట ఆయన ఆ పక్కన నిలవలేడు, వెనక్కి పడిపోతుంటాడు, అందుకని ఒక బెల్టు ఇస్తాము.

ఆ బెల్టు జానెడు వెడల్పున్న గుడ్డ పట్టీ. నడుముకు, పొట్టకు చుట్టి ముందర అతికిస్తారు, విప్పితే చర్రుమంటుంది. దానికి వీపు దగ్గర ఒక పక్కకు గట్టి దిండు కుట్టి ఉంటుంది, లేత సొరకాయంత. దిండు ఏ పక్కకు వస్తే మనిషి ఆ పక్కకు దొర్లలేడు, రెండో పక్కకు ఒత్తిగిల్లి ఉంటాడు. మర్మమంతా అంతే. దిండును కుడికి కట్టాలి, మనిషి ఎడమకు తిరగాలి.

ఇంటికొచ్చాక నేను ఆ సంగతిని బొమ్మగా గీశాను. గీయడం నా పని కదా. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, మామను చూస్తూ, మంచం మీద మనిషిని గీసి, నా ఎడమచేతి వైపుకు బాణం గుర్తు పెట్టి ‘ఎడమ’ అని రాశాను. బెల్టుకు దిండు లేని కొస మీద కూడా నల్ల ఇంకుతో పెద్దక్షరాలతో ‘ఎడమ’ అని రాశాను. ఆ కొస బొమ్మలో బాణం ఉన్న దిక్కుకు రావాలి. బొమ్మను గోడకు అంటించాను. ఇంట్లో ఎవరు కట్టినా తప్పు పోకూడదని.

వెల్లకిలా పడుకున్న మనిషి కాళ్ళ దగ్గర నిలబడితే నా ఎడమ ఆయనకు కుడి. ఇప్పుడు రాస్తుంటే చిన్నపిల్లలకు కూడా తెలిసేంత సులువుగా ఉంది. నాకు తట్టలేదు. పడిపోయిన చెయ్యి కిందికి వస్తోందని కంటికి కనిపిస్తూనే ఉంది. దానికీ ఒక తెలివి కనిపెట్టుకున్నాను. ఆ చేతికి ఎట్లాగూ నొప్పి తెలియదు, మంచి చెయ్యి పైకి ఉంటే నీళ్ళు తాగుతాడు, ఈగను తోలుకుంటాడు అనుకున్నాను.

దవాఖానలో ఆయాల పని చూసే పెద్ద సిస్టరు ఒకామెను మా ఇంటికి పంపింది. నలభై ఐదేళ్ళుంటాయి. కోడేరు నుంచి వచ్చింది కాబట్టి మా వీధిలో అందరికీ కోడేరామె అయిపోయింది. పొలం పనులన్నీ చేసిన మనిషి. ఒక పాత గద్వాల చీర అడిగి తీసుకుని నాలుగు మడతలు వేసి మామ నడుము కింద పరిచింది. ఆ చీర రెండు కొసలు పట్టుకుని, పైకి ఎత్తకుండా, బియ్యం చెరిగినంత సులువుగా ఆయన్ను ఈ పక్క నుంచి ఆ పక్కకు మలిపేది. నేనూ నా భార్యా ఇద్దరం కలిసినా మాకు చేతకాని పని అది. బెల్టు అనడానికి ఆమెకు నోరు తిరగక కాదు, ఆ మాట నచ్చలేదు. నడికట్టు అనేది. “నాట్లకు దిగేటప్పుడు కట్టుకుంటం చూడు, గదే ఇది. గాకపోతే పండుకునేటోళ్ళకు.”

ఆయనతో మాట్లాడుతూనే ఉండేది. జవాబు రాదని తెలిసి కూడా.

“పెద్దనాయినా, ఎడ్లను తోలినోనివి, ఇప్పుడు నిన్ను నేను తోలవడితి. జర బరువు తగ్గు.”

మామ సగం మొహంతో నవ్వేవాడు. నవ్వు ఎడమ చెంపలోనే వచ్చేది.

“ఇగో, నీ నవ్వు గూడ దాపటకే గుంజుతుంది” అనేది ఆమె.

ఇదంతా పక్క గదిలో గడీలు నింపుకుంటూ వింటూ ఉండేవాణ్ణి. పొలం మనుషుల ముచ్చట్లు పొలం మనుషులకు అని నవ్వుకునేవాణ్ణి.

ఇంటికొచ్చిన పదో రోజో పదకొండో రోజో మామకు మాట వచ్చింది. ఒక్కటే మాట. “దాపట.” నేను వంగి మళ్ళీ అడిగాను. “దాపట” అన్నాడు. సాయంత్రం నా భార్య బడి నుంచి రాగానే చెప్పాను. ఆమె బ్యాగు కూడా దించకుండా మంచం మీద కూర్చుని ఏడ్చింది.

“మా దాపటెద్దు యాదికొచ్చింది నాయినకు. ఒక కొమ్ము ఇరిగి ఉండె. అది సచ్చిపోతే రెండు దినాలు తినలె. ఇన్ని దినాలకు నోరొస్తే నా పేరు రాలె చూడు, ఎద్దు పేరు వచ్చె.” ఏడుస్తూనే నవ్వింది.

జతలో ఎడమకు కట్టే ఎద్దు దాపటెద్దు, కుడికి కట్టేది ఎలపటెద్దు అని కూడా ఆమే ఆ రోజు నాకు చెప్పింది. మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు తెలియదు. చెప్పింది ఆమె, విన్నది నేను. మా ఇద్దరి మనసూ ఎద్దు మీదే ఉంది. ఎడమ అన్న మాట మా ఇద్దరి నడుమ నుంచి జారిపోయింది.

ఆ తర్వాత మామ ఆ మాట అన్నప్పుడల్లా మేము ఎద్దు గురించే మాట్లాడేవాళ్ళం. నేనైతే ఎద్దు బొమ్మ కూడా గీసి చూపించాను, కొమ్ము విరిగినట్టుగా. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం అట్టలు కొట్టేవాళ్ళ దగ్గరికి పోయి ఇంటికొచ్చేసరికి మామ హాయిగా నిద్రపోతున్నాడు. చూస్తే బెల్టు తిరగేసి ఉంది. నా ‘ఎడమ’ అక్షరాలు బాణానికి ఎదురువైపు ఉన్నాయి. మనిషి కూడా అటే తిరిగి పడుకున్నాడు. నాకు కోపం వచ్చింది.

“ఏమమ్మా, రాసింది కనవడ్తలేదా? సదువు రాకపోతే నన్ను అడగాలె గద.”

“సదువొచ్చు సారు. ఏడు దాక సదివిన. సదివే తిప్పి కట్టిన.”

“ఎందుకు?”

“పెద్దనాయిన దాపట దాపట అంటుండు. ఆయనకు ఈ పక్క పండుకుంటెనే సుకం. ఆ పక్క పండవెడ్తె పండ్లు కొరుక్కుంటుండు.”

“ఆయన అనేది ఎద్దును. దవాఖానల చెప్పినదాన్ని నువ్వు మారుస్తవా?”

ఆమె గోడ మీది బొమ్మ వైపు చూసింది, మంచం వైపు చూసింది. “నాకు బొమ్మలు తెల్వవు సారు. ఒక్కపారి దవాఖానకు ఫోన్ చేసి అడుగు. అడిగితె ఏం పోతది?”

అడిగితే ఏమీ పోయేది కాదు. నేను అడగలేదు. నిద్రపోతున్న మనిషిని లేపి, బెల్టు విప్పి, నా రాత ప్రకారం కట్టాను. మామ పళ్ళు కొరుక్కున్నాడు. ఆమె ఆ చీర మడతలు సర్దింది. నేను ఇంట్లో లేనప్పుడు ఆమె తన పద్ధతిలో, నేను ఉన్నప్పుడు నా పద్ధతిలో ఆయన పడుకున్నాడని తర్వాత అర్థమైంది. సాయంత్రం నుంచి తెల్లారేదాకా కట్టేది మాత్రం నేనే.

మూడు వారాలకు మామను దవాఖానకు చూపించడానికి పోయాము, కోడేరామె కూడా వచ్చింది. కుడి భుజం వాచి ఉంది. డాక్టరమ్మ తాకగానే మామ అరిచాడు. ఆ చేతికి నొప్పి తెలుసన్నమాట.

“ఈ భుజం మీద ఎవరు పండవెడుతున్నరు? ఎడమకు అని చెప్పిన గద” అంది ఆమె.

“మేం ఎడమకే కడుతున్నం మేడం. చూసుకునే ఆమెనే తిప్పి కడుతున్నది” అన్నాను.

ఆ క్షణంలో నేను అబద్ధం ఆడాననుకోలేదు. నా కళ్ళతో చూసిందే చెప్పాను. డాక్టరమ్మ పెద్ద సిస్టరును పిలిచింది. సిస్టరు తన పుస్తకం తెరిచి ఆమె పేరు పక్కన ఏదో రాసుకుంది. మేము ఉన్నది నడవాలో. బల్ల మీద ఇంకో నలుగురు ఆయాలు ఇళ్ళ పిలుపు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ళందరి ముందర సిస్టరు అడిగింది, “తిప్పి కట్టినవా లేదా?”

“కట్టిన” అంది కోడేరామె.

“అయితే ఇంక ఆ ఇంటికి వద్దు. పిలిచినప్పుడు రా.”

ఆమె తల తిప్పి నావైపు చూసింది. నేను ఏమైనా అంటాననుకుందేమో. నేను మందుల చీటీ మడత పెడుతున్నాను. ఆమె మామ దగ్గరికి వచ్చి, చక్రాల కుర్చీలో ఆయన కండువా సర్దింది. “పోయొస్త పెద్దనాయినా. మంచిగ తిను” అంది. ఆయన ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. “దాపట” అన్నాడు. నా భార్య మెల్లగా ఆ వేళ్ళు విడదీసింది.

తర్వాత రెండు వారాలు మేమిద్దరమే చేసుకున్నాం. భుజం ఇంకా పాడైంది. కొత్త అలవాటు కావడానికి కొన్నాళ్ళు పడుతుందిలే అనుకున్నాము.

ఒకరోజు మామ దోస్తు చూడ్డానికి వచ్చాడు. ఇద్దరూ ఒకే వయసు, పక్క పక్క పొలాలు. ఉలవల సంచి గోడకు ఆనించి మంచం అంచున కూర్చున్నాడు. “ఏం రా, పట్నంల పండి తింటున్నవా” అన్నాడు. మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “దాపట” అన్నాడు.

“ఎద్దును యాది చేసుకుంటుండు” అన్నాను నేను, ఎప్పటిలాగే.

ఆయన నన్ను వింతగా చూశాడు. “ఎద్దేంది అల్లుడా. అది సచ్చి పదేండ్లాయె. దాపటకు మలుపుమంటుండు.”

“దాపటకు అంటే?”

“దాపటంటే దాపటనే. ఈ చెయ్యి.” తన ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. “మేం ఎడమ కుడి అంటమా? పాము గరిచినా దాపటకాలు ఎలపటకాలు అనే చెప్తం.”

“ఎడమకే కదా పడుకోబెట్టింది” అని గోడ మీది బొమ్మ చూపించాను. ఆయన లేచి నా భుజాలు పట్టుకుని మంచం కాళ్ళ దగ్గర నుంచి పక్కకు తప్పించి, మామ తల దగ్గర, ఆయన చూసే దిక్కే నేనూ చూసేటట్టు నిలబెట్టాడు.

“ఇప్పుడు జూడు. అరక తోలెటోడు ఎడ్ల ఎనక నిలవడ్తడు. ఎడ్లకు ఏది దాపటనో ఆయనకూ అదే దాపట. నువ్వు ఎడ్లకు ఎదురుంగ నిలవడి అరక తోలుతున్నవ్.”

చల్లటి నీళ్ళు పోసినట్టయింది. బెల్టు విప్పి తిప్పి కట్టాను. మామ ఎడమ పక్కకు ఒత్తిగిల్లాడు. పెద్దగా ఊపిరి విడిచాడు. దోస్తు ఊళ్ళో వానల సంగతి చెబుతూ ఉండగానే నిద్రపోయాడు. అంత మెత్తగా నిద్రపోవడం నేను కోడేరామె ఉన్న ఆ మధ్యాహ్నం తర్వాత చూడలేదు.

ఇక్కడిదాకా జరిగింది తప్పు. తప్పు ఎవరైనా చేస్తారు. దీని తర్వాత చేసినదే నేను చెప్పుకోవాల్సింది. దోస్తును బస్సెక్కించి వచ్చి, నా భార్య వచ్చేలోపల, గోడ మీది బొమ్మ చించేశాను. బెల్టు మీది అక్షరాల మీద స్పిరిట్ పోసి రుద్దాను. పూర్తిగా పోలేదు, బూడిదరంగు మరక మిగిలింది. సాయంత్రం ఆమె అడిగితే “బెల్టు కొంచెం సరిచేసిన, ఇంకా మంచిగ కూసుంటుంది” అన్నాను.

భుజం వాపు తగ్గసాగింది. నెలలో మామ చెయ్యి కొద్దిగా కదిలించాడు. ఒకరోజు నా భార్య ఆ భుజానికి నూనె రాస్తూ అంది, “చూసినవా, ఆమె పోయినంకనే తగ్గింది.”

“అవును” అన్నాను.

ఆ ‘అవును’ నేను ఎన్నిసార్లు అన్నానో. ఊరి నుంచి చుట్టాలు చూడ్డానికి వచ్చినప్పుడల్లా నా భార్య ఆ కథ చెప్పేది. కథలు చెప్పడం ఆమెకు తండ్రి నుంచి వచ్చిన విద్య. చదువొచ్చని చెప్పి రాసిందానికి తిప్పి కట్టిన మనిషి కథ ఆమె నోట్లో మహా రక్తికట్టేది. చుట్టాలు నవ్వేవాళ్ళు, పోయి ఊళ్ళో చెప్పేవాళ్ళు. నేను పక్కన కూర్చుని చాయ్ తాగేవాణ్ణి. ఒకసారి నేను అత్తగారి ఊరికి పోయినప్పుడు మరదలు, పిల్లకు గౌను వెనకదిక్కు ముందుకు వేసి ఉంటే చూసి, “గిదేంది, కోడేరామె కట్టినట్టు” అంది. అట్లా సామెత పుట్టింది. పుట్టిన చోట నేనూ ఉన్నాను.

మామకు మాటలు ఒకటొకటిగా వచ్చాయి. మొదట నీళ్ళు, తర్వాత కూతురి పేరు, తర్వాత “వద్దు”. నేను బెల్టు తిప్పి కట్టిన ఐదు నెలలకు మూడు మాటలు కలిపి అనగలిగేవాడు. ఒక ఆదివారం ముగ్గురం అన్నం తింటున్నాం. నేను కూరగిన్నె మూత తిరగేసి పెట్టాను. నా భార్య నవ్వి సామెత అంది. మామ ముద్ద కిందపెట్టాడు.

“ఆమె కాదు” అన్నాడు. కొంచెంసేపు మాట కోసం వెతుక్కున్నాడు. “అల్లుడు.”

“అల్లుడేంది నాయినా?”

ఆయన నావైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఇంటి మనిషిని ఇరకాటంలో పెడుతున్నందుకు నొచ్చుకున్నట్టుగా ఉంది. అన్ని నెలలూ ఆయనకు తెలుసు. మాట లేక ఊరుకున్నాడు, మాట వచ్చిన తర్వాత కూడా కొన్నాళ్ళు నాకోసం ఊరుకున్నాడు. ఆ రోజు కూడా నేను నవ్వి తప్పించుకోవచ్చు. నా భార్యకు అనుమానం వచ్చేది కాదు.

చెప్పేశాను. బొమ్మ సంగతి, స్పిరిట్ సంగతి, అన్నీ.

ఆమె చాలాసేపు అన్నం కలుపుతూనే ఉంది. తినలేదు. “నువ్వు తప్పు కట్టింది సరే. నా నోటితోని ఎంతమందికి చెప్పించినవ్” అంది. మళ్ళీ అంది, “ఆ రోజు దవాఖానల నాయిన ఆమె చెయ్యి వట్టుకుంటె ఏళ్ళు ఇడిపించింది నేను.”

“పోయి తోల్కరా” అన్నాడు మామ.

కోడేరులో ఆమె ఇంటికి తాళం ఉంది. పక్కింటివాళ్ళు చెప్పారు, బిడ్డను నాగర్‌కర్నూల్‌లో ఇచ్చింది, అక్కడే ఉంటోందని. నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర ఒక మెస్సు వెనక కనిపించింది. పెద్ద గుండిగెలోకి సగం వంగి తోముతోంది. నన్ను చూసి లేచి చేతులు తుడుచుకుంది.

“పెద్దనాయిన ఎట్లున్నడు?” అదే మొదటి మాట.

“మంచిగున్నడు. మాట్లాడుతున్నడు.”

“దాపటకే పండుతుండా?”

“అవును.”

“తెలిసిందా మల్ల నీకు.” ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

ఎప్పుడు తెలిసిందో చెప్పాను. దాచిన సంగతీ చెప్పాను. గుండిగ అంచు మీద చెయ్యి పెట్టి నిలబడి వింది. తర్వాత దవాఖాన నుంచి ఆమెకు ఒక్క పిలుపు కూడా రాలేదట. రెండుసార్లు పోయి బల్ల మీద కూర్చుంటే, తిప్పి కట్టేది ఈమేనా అని తోటి ఆయాలు నవ్వారట. మూడోసారి పోలేదు.

“మా ఇంటికి రా అమ్మా. మామ తోల్కరమ్మన్నడు” అన్నాను.

“ఇప్పుడు పెద్దనాయినకు నాతోని పనేముంది సారు? తినుకుంట మాట్లాడుకుంట ఉన్నడంటివి. నేనొచ్చి ఏం జెయ్యాలె, మీ ఇంట్ల గడీలు నింపాల్నా?”

“తప్పయింది.”

“నాకు జెప్తె ఏం ఫాయిద. నాకు తెల్వంది ఏమన్న ఉందా అండ్ల? యాడ జెప్పినవో ఆడ జెప్పు.”

మళ్ళీ గుండిగలోకి వంగింది.

ఆడ చెప్పడం అంటే ముందు వనపర్తి దవాఖాన. పోయాను. నడవాలో ఆ బల్ల మీద ఆయాలు ఉన్నారు, కొందరు పాతవాళ్ళే. సిస్టరును బయటికి రమ్మని, వాళ్ళ ముందరే చెప్పాను. ఒకామె కిసుక్కున నవ్వింది. సిస్టరు నవ్వలేదు.

“నోటితోని అంటె ఎట్ల సారూ? ఆ రోజు నువ్వంటె నేను బుక్కుల రాసిన. ఇయ్యాల నువ్వు రాసియ్యి.”

కాగితం, పెన్ను ఇచ్చింది. రాయడానికి కూర్చుంటే, పై నుంచి చూస్తూ, “బొమ్మలేం గియ్యకు. అక్షరాలే రాయి” అంది. మూడు వాక్యాలు రాశాను. బెల్టు తప్పుగా కట్టింది నేను. ఆమె సరిగ్గా కట్టింది. నాకు చెప్పింది కూడా, నేను వినలేదు. కింద సంతకం. సిస్టరు దాన్ని రెండు కాపీలు తీయించి ఒకటి పుస్తకంలో అంటించింది, ఒకటి నాకిచ్చి ఆమెకు అందజేయమంది. తీసుకుపోయి ఇచ్చాను. చదివింది. “గింతేనా” అని మడిచి రవికెలో పెట్టుకుంది.

చుట్టాలకు చెప్పడం ఇంకా కష్టమైంది. మరదలి పెద్దకూతురి ఓణీల ఫంక్షన్‌కు అందరూ ఒకచోట ఉన్నప్పుడు, బంతిలో కూర్చుని చెప్పాను. ముందు ఎవరికీ అర్థం కాలేదు. నేనేదో పరాచికం ఆడుతున్నాననుకున్నారు. నా భార్య లేచి, “నిజమే. నేను మీకు చెప్పిన కత తప్పు” అంది. అప్పుడు నమ్మారు.

“దినమంత ఎడమ కుడి గీసేటోనివి, నీకేమొచ్చె బావా” అంది మరదలు.

“దాన్నే అంటరు, అల్లుడు గీసినట్టు అని” అన్నాడు మామ చేతికర్ర మీద ఆనుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని. పందిట్లో అందరూ నవ్వారు. ఆయన అంత పొడుగు వాక్యం పలకడం అదే మొదలు. నా మీద పలికినందుకు నాకు సంతోషమే అయింది.

కానీ కొత్త సామెత పాతదాన్ని కొట్టలేకపోయింది. మొన్న గద్వాలలో, మాకు చుట్టరికం కూడా లేని ఒకాయన నా ముందే పాత సామెత వాడాడు. ఆపి, ఆయనకు కథంతా చెప్పాను. ఆయన పనిమీద ఉన్నాడు, సగంలో గడియారం చూసుకున్నాడు. అందుకే మూడు వాక్యాల కాగితం చాలదనిపించి ఇంత రాశాను.

పోయిన వారం ఆమె ఫోన్ చేసింది. వనపర్తిలో ఒక ఇంటికి పిలిచారట, మంచం పట్టిన ముసలామెను చూసుకోవడానికి.

“‘నిన్ను ఆ ఇంటికెల్లి పంపేసిన్రంట గద, ఎందుకు’ అన్నరు సారు. కాయితం చూపించిన.”

“ఏమన్నరు?”

“సదివి నవ్విన్రు. ఎవరీ సారు, ఎడమేదో కుడేదో తెల్వదా అన్నరు. మంచోడే, జర మొండి అన్న.”

“పనిల పెట్టుకున్నరా?”

“పెట్టుకోకుంటె ఈడికెల్లి ఎట్ల మాట్లాడుత? ఉంట సారు, ముసలవ్వను మలిపే యాళ్ళయింది” అని ఫోన్ పెట్టేసింది.